మిగిలిన కార్ట్రిడ్జ్ ఇంకు ట్యాంకులో పోశాక నలుపు సరిగా రావడం లేదు: హెడ్డు పోయినట్టేనా?

మద్దిలపాలెం_డీటీపీ

అందరికీ నమస్కారం. ఆంధ్ర విశ్వవిద్యాలయం విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టులు, దరఖాస్తులు, హాల్ టికెట్లు ప్రింటు తీసే చిన్న దుకాణం మాది. మా దగ్గర రెండు ఇంక్‌జెట్ ప్రింటర్లు ఉండేవి. కార్ట్రిడ్జులు వేసుకునే పాత ప్రింటరు బోర్డు కాలిపోయి మూలపడింది. ఇప్పుడు పనిచేస్తున్నది వేరే కంపెనీది, సీసాతో ట్యాంకులో ఇంకు పోసుకునే రకం. పాతదాని కార్ట్రిడ్జుల్లో ఇంకు మిగిలి ఉందని దుకాణంలో పనిచేసే అబ్బాయి దాన్ని సిరంజితో లాగి, నలుపును నలుపు ట్యాంకులోను, మిగతా రంగులను వాటి వాటి ట్యాంకుల్లోను కలిపాడు.

మొదట్లో తేడా ఏమీ కనిపించలేదు. ఆ తర్వాత పేజీ పైభాగంలో నల్లగా మొదలైన అక్షరాలు కిందికి వచ్చేసరికి బూడిద రంగుకు తిరగడం మొదలైంది. కాసేపు ఆపి మళ్లీ ప్రింటు ఇస్తే పై వరుసలు మళ్లీ నల్లగానే వస్తున్నాయి. హెడ్డులోని సన్నటి ఇంకు రంధ్రాలు (నాజిళ్లు) పనిచేస్తున్నాయో లేదో చూపే నాజిల్ చెక్ పేజీలో నలుపు గీతలు సగానికి పైగా లేవు, నీలంలో అక్కడక్కడా తెగిపోయాయి, పసుపు, మెజెంటా నిండుగా ఉన్నాయి. హెడ్ క్లీనింగ్ పలుమార్లు చేశాం. చేసిన ప్రతిసారీ పోయిన గీతలు కొన్ని తిరిగి వస్తున్నాయి, కానీ అంతకుముందు బాగున్న చోట కొత్తగా కొన్ని పోతున్నాయి. సర్వీసు సెంటరుకు ఫోను చేస్తే, ప్రింటరును చూడకుండానే హెడ్డు మార్చాలని తేల్చేశారు. ఆ ఖర్చు కొత్త ప్రింటరు ధరలో సగం దాటుతోంది. హెడ్డును బతికించే మార్గం ఏదైనా ఉందా, పెద్దలు చెప్పగలరు.

గాజువాక_సర్వీసు

ముందుగా హెడ్ క్లీనింగ్ కొట్టడం ఆపండి. మీరు క్లీనింగ్ ఇచ్చిన ప్రతిసారీ కింద ఉన్న పంపు హెడ్డు గుండా ఇంకును లాగి వేస్ట్ ప్యాడ్‌లోకి, అంటే వృథా ఇంకును పీల్చుకునే మెత్తలోకి, పంపుతుంది. పైన ట్యాంకులో ఉన్నది ఆ కలగాపులగం ఇంకే కాబట్టి, శుభ్రం చేస్తున్నామనుకుంటూ మీరు చేస్తున్నది దాన్ని మరింత లోపలికి లాగడమే.

ఇక మీరు చెప్పిన లక్షణాలు చూస్తే హెడ్డు చచ్చిపోయిందని నేను అనను. నాజిల్ విద్యుత్తు పరంగా పోతే, ఎన్నిసార్లు నాజిల్ చెక్ తీసినా అదే చోట అదే గీత లేకుండా వస్తుంది. లేని గీతలు చోటు మారుతున్నాయంటే లోపల గాలి బుడగలు తిరుగుతున్నాయని అర్థం. పేజీ పైన నల్లగా ఉండి కింద పాలిపోవడం, కాసేపు ఆగితే కోలుకోవడం మూడో సంగతి. హెడ్డుకు ఇంకు అందడం లేదు. డంపర్‌లోని (గొట్టానికీ హెడ్డుకూ మధ్య ఇంకు నిలిచే చిన్న డబ్బాలోని) జాలీ కానీ, గొట్టం కానీ, హెడ్డు లోపలికి వెళ్లే చోట ఉన్న ఫిల్టరు కానీ పాక్షికంగా మూసుకుపోతే ఇంకు నెమ్మదిగా ఊరుతుంది. ఆగిన సమయంలో ఊరినది మొదటి వరుసలకు సరిపోతుంది, ఆ తర్వాత కరువు వస్తుంది. ట్యాంకుకు గాలి వెళ్లే రంధ్రం మూసుకుపోయినా ఇవే లక్షణాలు కనిపిస్తాయి కాబట్టి ముందు దాన్ని చూడండి. అది ఖర్చు లేని పని.

పాత ప్రింటరులో నలుపు పిగ్మెంటా, డైయా? ఇప్పటి ట్యాంకు ప్రింటరులో అసలు నలుపు ఏ రకం? ఇది తెలిస్తే మిగతా విషయం చెప్పగలను.

మద్దిలపాలెం_డీటీపీ

గాలి రంధ్రం తెరిచే ఉంది. పాత కార్ట్రిడ్జ్ మీద నలుపు పిగ్మెంట్ అనీ, రంగులు డై అనీ రాసి ఉంది. ఇప్పటి ప్రింటరు సీసాల మీద నాలుగూ డై అనే ఉంది.

రసాయనం_మాస్టారు

అయితే ఇది యంత్రం కన్నా ముందు రసాయనానికి సంబంధించిన సమస్య. డై ఇంకులో రంగు పదార్థం ఉప్పు నీటిలో కరిగినట్టు పూర్తిగా కరిగి ఉంటుంది. పిగ్మెంట్ ఇంకులో రంగు కరగదు. సుమారు 100 నానోమీటర్ల పరిమాణం గల ఘనకణాలు నీటిలో తేలుతూ ఉంటాయి. అవి ఒకదానికొకటి అతుక్కోకుండా ఉండేది వాటి ఉపరితలం మీది విద్యుదావేశం వల్ల, వాటిని చుట్టుకుని ఉండే పాలిమర్ల వల్ల. ఆ ఏర్పాటు ఒక నిర్దిష్టమైన పీహెచ్, ఒక నిర్దిష్టమైన లవణ పరిమితి మధ్యనే నిలుస్తుంది. వేరే ఇంకు కలిసి ఆ పరిమితి దాటితే, కణాలు గుంపులుగా చేరి పెరుగు ముక్కల్లా విడిపోతాయి.

ఇందులో మరొక విశేషం కూడా ఉంది. కాగితం మీద నలుపు అక్షరం పక్కన పసుపు వచ్చినప్పుడు ఒకదానిలోకి ఒకటి పాకకుండా ఉండేందుకు, కొన్ని ప్రింటర్ల రంగు ఇంకుల్లో కాల్షియం, మెగ్నీషియం వంటి లవణాలను తయారీదారులే కావాలని కలుపుతారు. పిగ్మెంట్ నలుపు ఆ లవణాన్ని తాకగానే అక్కడికక్కడే గడ్డకడుతుంది, అంచు పదునుగా నిలుస్తుంది. కాగితం మీద జరగవలసిన ఈ చర్య ట్యాంకులోనో, గొట్టంలోనో, హెడ్డు లోపలో జరిగితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. పసుపూ మెజెంటా బాగుండి నలుపు దెబ్బతినడానికి కారణం ఇదేనని నా అనుమానం.

అనుమానం తీర్చుకోవడం తేలిక. ట్యాంకు నుంచి కొద్దిగా నలుపు తీసి తెల్లటి పింగాణీ సాసర్‌లో పోసి, సాసర్‌ను ఏటవాలుగా పట్టుకుని వెలుతురులో చూడండి. ఇంకు జారిన దారిలో సన్నటి రవ్వలు మిగిలితే గడ్డకట్టినట్టే. మరొక చుక్కను ఫిల్టరు కాగితం మీద వేసి, పక్కన ఒక చుక్క డిస్టిల్డ్ వాటర్ వేయండి. డై అయితే నీటితో పాటు అంచుల వరకు పాకుతుంది. పిగ్మెంట్ వేసిన చోటే నల్లగా కూర్చుంటుంది.

ఉక్కునగరం_విశ్రాంత

మాస్టారు చెప్పిన దానికి ఒక చిన్న చేర్పు. నేను ఇన్‌స్ట్రుమెంటేషన్‌లో పనిచేసి రిటైరైన వాణ్ని కాబట్టి హెడ్డు లోపలి పని మీద కొంత ఆసక్తి ఉంది. ఇంక్‌జెట్‌లో రెండు కుదుళ్లు ఉన్నాయి. కెనాన్, హెచ్‌పీ వాడేది థర్మల్ పద్ధతి. చిన్న హీటరు కొన్ని మైక్రోసెకన్లలోనే వేడెక్కి ఇంకులో ఆవిరి బుడగను పుట్టిస్తుంది, ఆ బుడగ చుక్కను బయటికి తోస్తుంది. 1977లో కెనాన్ ప్రయోగశాలలో వేడి సోల్డరింగ్ ఐరన్ పొరపాటున ఇంకు సిరంజి సూదికి తగిలి ఇంకు చిమ్మడం చూసి ఆ ఆలోచన పుట్టిందని ఆ కంపెనీయే చెప్పుకుంటుంది. హెచ్‌పీ 1984లో థింక్‌జెట్‌ను మార్కెట్లోకి తెచ్చింది. ఎప్సన్ మాత్రం పీజో మార్గంలో వెళ్లింది. అందులో వేడి ఉండదు. విద్యుత్తు ఇస్తే వంగే స్ఫటికం ఒకటి ఇంకు గది గోడను నొక్కుతుంది.

ఈ తేడా మీ సమస్యకు నేరుగా సంబంధించినది. థర్మల్ హెడ్డు కోసం చేసిన ఇంకు సరిగా ఆవిరి కావాలి, హీటరు మీద మడ్డి కట్టకూడదు. పీజోకు ఆ అవసరం లేదు కానీ సాధారణంగా కొంచెం చిక్కటి ఇంకు కావాలి, లోపల గాలి అసలు ఉండకూడదు. పీజో గదిలో చిన్న బుడగ ఉన్నా గోడ నొక్కిన ఒత్తిడినంతా ఆ బుడగే మింగేస్తుంది, చుక్క బయటికి రాదు. అందుకే చాలా పీజో కార్ట్రిడ్జులను గాలి తీసేసి వ్యాక్యూమ్ ప్యాక్‌లో అమ్ముతారు. స్పాంజి నుంచి సిరంజితో గుంజిన ఇంకు నురుగుతో సహా వస్తుంది కాబట్టి రంగు ఒకటే అయినా స్వభావం వేరు.

ఎంవీపీ_ఇల్లాలు

మా ఇంట్లో ఇలాగే మూసుకుపోయినప్పుడు యూట్యూబులో చూసి హ్యాండ్ శానిటైజరుతో తుడిచాం, కొంత ఫలితం కనిపించింది. ఏసీ నుంచి పడే నీళ్లు డిస్టిల్డ్ వాటరుతో సమానం అంటారు కదా, అవి వాడితే ఖర్చు కూడా ఉండదు. మాస్టారు గారు ఏమంటారు?

రసాయనం_మాస్టారు

అమ్మా, హ్యాండ్ శానిటైజర్లలో చాలావరకు జెల్ రూపంలో ఉంటాయి. ఆ చిక్కదనం కోసం కలిపే పాలిమర్ ఆల్కహాలు ఆవిరయ్యాక జిగురుగా మిగిలిపోతుంది. సుమారు 20 మైక్రాన్ల నాజిల్ రంధ్రంలో ఆ జిగురు చేరితే ఉన్న అడ్డానికి ఇంకో అడ్డం తోడవుతుంది. మామూలు ఐసోప్రొపైల్ ఆల్కహాలు డైకి కొంతవరకు పనికివచ్చినా, పిగ్మెంట్ విషయంలో ఎక్కువైతే కణాలను విడిగా ఉంచే పాలిమర్‌నే దెబ్బతీస్తుంది. ఈ దుకాణం కేసులో నేను దాని జోలికి వెళ్లను.

ఏసీ నీటి విషయంలో మీరన్నది సగం నిజం. గాలిలోని తేమ చల్లబడి ఏర్పడే నీరు కాబట్టి అందులో లవణాలు దాదాపు ఉండవు. కానీ ఆ నీరు కాయిల్ రెక్కల మీదుగా, ట్రే మీదుగా జారి వస్తుంది. మన బీచ్ గాలిలోని ఉప్పు, దుమ్ము, ట్రేలో పెరిగే నాచు అన్నీ దానితో పాటు వస్తాయి. మొక్కలకు పోసుకోవచ్చు. ప్రింటరుకు మాత్రం సీలు వేసిన బ్యాటరీ నీళ్ల సీసా కొనుక్కోండి, దాని ధర చాలా తక్కువ. బోరు నీరు, కుళాయి నీరు వద్దే వద్దు. అందులోని కాల్షియమే పిగ్మెంటును గడ్డకట్టిస్తుంది.

మద్దిలపాలెం_డీటీపీ

మాస్టారు చెప్పినట్టే చేసి చూశాం. సాసర్‌ను వంచగానే ఇంకు జారిపోయిన చోట మిరియాల పొడి చల్లినట్టు నల్లటి రవ్వలు మిగిలాయి, వేలితో రుద్దితే మెత్తగా నలిగాయి. ఫిల్టరు కాగితం మీద చుక్క మధ్యలో నల్లటి ముద్ద కూర్చుంది, దాని చుట్టూ డై మాత్రం ఊదా రంగు వలయంగా పాకింది. పసుపు చుక్కలో రవ్వలు ఏమీ లేవు. అబ్బాయి ఆ ఇంకును లాగడానికి వాడిన సిరంజి లోపలి గోడకు కూడా నల్లటి పొర అంటుకుని ఉంది. ఇప్పుడు ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటారు?

గాజువాక_సర్వీసు

ఇప్పుడు దారి స్పష్టమైంది. చాలామంది నేరుగా హెడ్డు మీద పడతారు, అది తప్పు వరుస. పైన ట్యాంకులో విరిగిన ఇంకు ఉన్నంతకాలం కింద హెడ్డును ఎంత కడిగినా మళ్లీ అదే దిగుతుంది. పై నుంచి కిందికి రండి: ట్యాంకు, గొట్టం, డంపర్, ఆ తర్వాతే హెడ్డు.

నలుపు ట్యాంకులో ఉన్నదంతా సిరంజితో తీసేయండి. పొదుపు కోసం దాన్ని వడగట్టి మళ్లీ పోసే ఆలోచన పెట్టుకోవద్దు. వడపోత గుడ్డ పెద్ద రవ్వలనే ఆపుతుంది, సగం గడ్డకట్టినవి అందులోంచి దాటి వెళ్లి తర్వాత పెరుగుతాయి. బ్యాటరీ నీళ్లతో ట్యాంకును కడిగి, నీరు తేటగా వచ్చేవరకు తీయండి. డంపర్‌ను హెడ్డు నుంచి నెమ్మదిగా ఊడదీసి, గొట్టం చివర సిరంజి పెట్టి మిగిలిన ఇంకును లాగేయండి. డంపర్ లోపల చిన్న జాలీ ఉంటుంది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే అది నల్లగా మూసుకుని ఉందో లేదో తెలుస్తుంది. మూసుకుని ఉంటే కడగడానికి కష్టపడకండి, కొత్తది వేయండి. ద్వారకానగర్‌లోని కంప్యూటరు విడిభాగాల దుకాణాల్లో అడిగి చూడండి, హెడ్డు ధరతో పోలిస్తే అది లెక్కలోకి రాదు. నీలం ట్యాంకును కూడా ఇదే పద్ధతిలో ఖాళీ చేయండి. పసుపు, మెజెంటాలను ప్రస్తుతానికి కదపకండి.

హెడ్డు విషయంలో ఓపిక కావాలి. పని లేనప్పుడు హెడ్డు ఆగి ఉండే పార్కింగ్ చోట దాని కింద దూదిపీచు రాలని గుడ్డను మడిచి, క్లీనింగ్ ద్రవంతో తడిపి పరచి, హెడ్డును దాని మీదికి జరిపి రాత్రంతా వదిలేయండి. పిగ్మెంట్ కోసమని విడిగా అమ్మే ద్రవం దొరికితే అదే మంచిది. మరునాడు హెడ్డు మీద నలుపు ఇంకు వెళ్లే ముక్కుకు మెత్తటి సిలికాన్ గొట్టం తగిలించి, అదే ద్రవాన్ని సిరంజితో చుక్క చుక్కగా లోపలికి పంపండి. పిస్టన్‌ను బొటనవేలి బరువుకు మించి నొక్కకండి, ఎందుకంటే ఒత్తిడి ఎక్కువైతే లోపలి పొరలు విడిపోతాయి, అప్పుడు పక్క రంగు ఇందులోకి దిగుతుంది. ద్రవం బయటికి ఎలా వస్తోందో కింద గుడ్డ మీద చూడండి. మొదట మసిలా వచ్చి తర్వాత తేటపడితే దారి తెరుచుకుంటున్నట్టే.

ఇంకొకటి, ఇది అన్నిటికన్నా ముఖ్యం. హెడ్డు పక్కన తెల్లటి రిబ్బన్ కేబుల్ ఉంటుంది. దాని పిన్నుల మీద ఒక్క చుక్క తడి మిగిలి ఉండగా కరెంటు ఇస్తే హెడ్డుతో పాటు మెయిన్ బోర్డు కూడా పోతుంది. మా దగ్గరికి "కడిగాం, ఆ తర్వాత ఆన్ కావడం లేదు" అంటూ వచ్చే ప్రింటర్లలో ఎక్కువ వాటి కథ ఇదే. ప్లగ్గు తీసి ఉంచి పని చేయండి, పూర్తిగా ఆరాకనే పెట్టండి.

సీతమ్మధార_ఫొటో

నాది కొంచెం వేరే అభిప్రాయం. దుకాణంలో పని ఆగిన ప్రతి గంటకూ విలువ ఉంటుంది కదా. ఇంత శ్రమ పడి చివరికి నాలుగైదు గీతలు లేకుండా మిగిలితే, ఫొటో పని చేసేవాడికి ఆ హెడ్డు ఉన్నా లేనట్టే. మా స్టూడియోలో అయితే హెడ్డు మార్చేసేవాళ్లం. పైగా రంగు ట్యాంకుల్లో డైలో డై కలిసినా గడ్డకట్టకపోవచ్చు కానీ రంగు మారుతుంది. ప్రింటరు డ్రైవరు, కలర్ ప్రొఫైలు ఒక నిర్దిష్టమైన నీలాన్ని, మెజెంటాను దృష్టిలో పెట్టుకుని తయారైనవి. రెండు కంపెనీల మెజెంటాలు కలిసిన ట్యాంకుతో పెళ్లి ఆల్బమ్ తీస్తే, పట్టుచీర రంగు ఒక పేజీలో ఒకలా, ఇంకో పేజీలో మరోలా కనిపించి కస్టమరు వాదనకు దిగుతాడు.

ఉక్కునగరం_విశ్రాంత

ఫొటో స్టూడియోకు మీ మాట నూటికి నూరు పాళ్లు సరే. ప్రాజెక్టు రిపోర్టుకు ఆ ప్రమాణం అక్కరలేదు. హెడ్డు మార్చినా, ట్యాంకులో, గొట్టాల్లో విరిగిన ఇంకును వదిలేసి మార్చితే కొత్త హెడ్డుకూ అదే గతి పడుతుంది. అంటే ఆ శుభ్రం చేసే పని ఎలాగూ తప్పదు. అది చేశాక హెడ్డు కోలుకుంటే ఖర్చు మిగిలింది, కోలుకోకపోతే అప్పుడు మార్చవచ్చు.

గోపాలపట్నం_టైపింగ్

ఈ సందర్భంలోనే ఒక సందేహం. మనది తేమ ఎక్కువగా ఉండే ఊరు కదా, అయినా హెడ్డు ఎందుకు ఎండుతుంది? మా దగ్గర కొత్త ఇంకే వాడుతున్నాం, ఏ కలుపూ లేదు. అయినా సోమవారం ఉదయం తప్పకుండా గీతలు పోతున్నాయి.

గాజువాక_సర్వీసు

మీరు శనివారం రాత్రి ప్రింటరును బటన్‌తో ఆపుతున్నారా, లేక దుకాణం మెయిన్ స్విచ్ కట్టేసి వెళ్తున్నారా? బటన్ నొక్కినప్పుడు హెడ్డు కుడివైపు చివరికి వెళ్లి రబ్బరు క్యాప్ మీద కూర్చుని మూత పడుతుంది. మెయిన్ కట్టేస్తే, లేదా ప్రింటు మధ్యలో కరెంటు పోతే, హెడ్డు దారి మధ్యలో నోరు తెరుచుకుని ఉండిపోతుంది. ఏసీ గదిలో గాలి మన బయటి గాలిలా తేమగా ఉండదు, ఒక ఆదివారం చాలు ఎండడానికి. బటన్‌తోనే ఆపుతున్నట్టయితే, ఆ రబ్బరు క్యాప్ అంచున ఎండిన ఇంకు పెళుసుగా పేరుకుందేమో చూసి తడి గుడ్డతో తుడవండి. అంచు సమంగా కూర్చోకపోతే మూత ఉన్నా లేనట్టే, పంపు కూడా సరిగా లాగదు.

మద్దిలపాలెం_డీటీపీ

చెప్పిన వరుసలోనే చేశాం, వివరంగా రాస్తున్నాను. నలుపు డంపర్ జాలీ పూర్తిగా మూసుకుని ఉంది, కొత్తది వేశాం. నీలం డంపర్ మాత్రం బాగానే ఉంది, అక్కడ సమస్య గాలిదే అయి ఉండాలి. హెడ్డులోకి ద్రవం పంపినప్పుడు మొదట ఏమీ దిగలేదు. గుడ్డ మీద నానబెట్టి వదిలేసి మళ్లీ ప్రయత్నించాక బూడిద రంగు నీరు సన్నగా దిగింది, దానితో పాటు చిన్న నల్లటి పొరలు గుడ్డ మీద పడ్డాయి. నీరు తేటపడ్డాక కంపెనీ సీసాలోని కొత్త ఇంకు పోసి, గొట్టాలు నింపి, వెంటనే ప్రింటు ఇవ్వకుండా రాత్రంతా అలాగే ఉంచాం.

ఇప్పుడు నీలం సంపూర్ణంగా వస్తోంది. నలుపులో పక్కపక్కన ఉన్న రెండు గీతలు మాత్రం ఎప్పుడు తీసినా అదే చోట లేవు. మామూలు అక్షరాల్లో ఆ లోటు కంటికి కనిపించడం లేదు, నల్లటి నిండు పట్టీ ప్రింటు తీస్తే మాత్రం సన్నటి తెల్లగీత తెలుస్తోంది. హై క్వాలిటీలో ఇస్తే అదీ కనిపించడం లేదు. ఈ రెండింటి కోసం ఇంకా కడగాలా? మరొక సందేహం: వేస్ట్ ఇంక్ ప్యాడ్ నిండుతోందని తెరమీద హెచ్చరిక వస్తోంది. ఆ ప్యాడ్‌లో చేరిన ఇంకును పిండి వాడుకోవచ్చని ఒక కస్టమరు చెబుతున్నాడు.

గాజువాక_సర్వీసు

రెండు గీతలు స్థిరంగా ఒకే చోట ఉన్నాయంటే అవి గట్టిగా మూసుకుపోయినవో, పూర్తిగా పోయినవో. వాటి కోసం ఒత్తిడి పెంచితే బాగున్నవి కూడా పోయే ప్రమాదం ఉంది, అలాగే వదిలేయండి. హై క్వాలిటీలో హెడ్డు ఒకే వరుస మీద ఒకటికన్నా ఎక్కువ సార్లు తిరుగుతుంది కాబట్టి ఒక నాజిల్ లోటును మరొకటి పూడుస్తుంది. పట్టీలు, లోగోలు ఉన్న పేజీలను ఆ సెట్టింగులోనే తీయండి.

ప్యాడ్‌లోని ఇంకు సంగతి ఆ కస్టమరుతోనే మరిచిపోమనండి. అందులో నాలుగు రంగులు, కాగితం దుమ్ము, మీరు కడిగిన ద్రవం, గడ్డకట్టిన పిగ్మెంట్ అన్నీ కలిసి ఉన్నాయి. ప్యాడ్‌ను మార్చించి ఆ తర్వాతే ప్యాడ్ ఎంత నిండిందో లెక్కపెట్టే కౌంటరును రీసెట్ చేయించండి. కొందరు ప్యాడ్ మార్చకుండా సాఫ్టువేరుతో కౌంటరు మాత్రమే సున్నా చేస్తారు, అప్పుడు నిండిన ప్యాడ్ నుంచి ఇంకు కారి కింద ఉన్న టేబులు మీదికి వస్తుంది.

మద్దిలపాలెం_డీటీపీ

ప్యాడ్ మార్చించడానికే ఇస్తాను. పాత కార్ట్రిడ్జుల్లో ఇంకా అడుగున కొంత రంగు ఇంకు ఉంది, దాన్నేం చేయమంటారు?

రసాయనం_మాస్టారు

ఒక్కో కార్ట్రిడ్జులో మిగిలేది కొద్ది మిల్లీలీటర్లు, మీ ట్యాంకు సీసాలో వచ్చేది 65 నుంచి 70 మిల్లీలీటర్లు. ఆ కొద్దిపాటి ఇంకు కోసం మళ్లీ ఈ తతంగం ఎందుకు? కార్ట్రిడ్జులను ప్లాస్టిక్ కవరులో మూటకట్టి ఈ-వ్యర్థాలు తీసుకునే వాళ్లకు ఇచ్చేయండి, సింకులో మాత్రం పోయకండి. సిరంజిని కూడా వాటితోనే పంపించండి, లేకపోతే మీ అబ్బాయి మళ్లీ వెతుక్కుంటాడు.